15 జీబీ నిండిపోయింది: ఏది తీసేస్తే ఏది పోతుంది?

తెనాలిలో ఉండే మా మేనత్త ఫోన్‌కి పోయిన వేసవిలో "స్టోరేజ్ ఫుల్" అని మెసేజ్ రావడం మొదలైంది. రోజుకి రెండు మూడు సార్లు వస్తుంటే విసుగొచ్చి ఫొటోల యాప్ తెరిచి, పెద్ద పెద్ద వీడియోలన్నీ, వాటితోపాటు మనవడి అన్నప్రాశన ఫొటోలు ఒక నూట యాభై దాకా సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టేసింది. బిన్ (డిలీట్ చేసినవి కొన్నాళ్లు ఉండే చెత్తబుట్ట) కూడా ఖాళీ చేస్తేనే ప్లేస్ వస్తుందని ఎవరో చెప్తే అదీ చేసేసింది. మూడు వారాల తర్వాత నాకు ఫోన్ చేసి "ఏరా, అన్నీ క్లౌడ్‌లో ఉంటాయన్నావు కదా, అక్కడ్నించి ఆ ఫొటోలు కాస్త తీసిపెట్టు, అమ్మాయి అడుగుతోంది" అంది. ఆ మాట చెప్పింది నేనే, ఎప్పుడో కొత్త ఫోన్ కొన్నప్పుడు. "క్లౌడ్‌లో ఉంటాయిలే అత్తా, భయం లేదు" అన్నా. ఆవిడ డిలీట్ కొట్టింది ఆ క్లౌడ్‌లోనే, అంటే గూగుల్ సర్వర్లలో ఉన్న తన జాగాలోనే అని ఆవిడకి తెలియలేదు, తెలిసేలా నేను చెప్పలేదు.

అప్పట్నించీ ఎవరు "స్టోరేజ్ ఫుల్ అంటోంది, ఏం తీసేయమంటావ్" అని అడిగినా ఒక్క మాటలో జవాబివ్వలేకపోతున్నా. ఈ మధ్య అడిగేవాళ్లు కూడా ఎక్కువయ్యారు. వాట్సాప్ బ్యాకప్ కూడా ఈ లెక్కలోకి రావడం ఒక కారణం, టెలికాం కంపెనీలు ఫ్రీగా స్టోరేజ్ ఇస్తుండటంతో ఏది తీసుకోవాలో అర్థంకాకపోవడం ఇంకో కారణం. అందుకని మొదట్నించీ విడదీసి రాస్తున్నా. మన దగ్గర ఆండ్రాయిడ్ ఫోన్లే ఎక్కువ కాబట్టి గూగుల్ అకౌంట్ చుట్టూ చెప్తాను, ఐఫోన్లలో ఉండే ఐక్లౌడ్, విండోస్ కంప్యూటర్లలో ఉండే వన్‌డ్రైవ్ సంగతి తేడా ఉన్నచోట కలుపుతాను.

ఒకే డబ్బాలో మూడు కుటుంబాల సామాన్లు

గూగుల్ ఒక్కో అకౌంట్‌కి ఫ్రీగా ఇచ్చేది 15 జీబీ. ఇది జీమెయిల్‌కి 15, డ్రైవ్‌కి 15, ఫొటోస్‌కి 15 అని విడివిడిగా ఇచ్చింది అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ మూడింటికీ కలిపి ఒకటే డబ్బా. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ మొదలైనప్పుడు 1 జీబీ ఇస్తామంటే జనం నమ్మలేదు, ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనుకున్నారు. 2012లో గూగుల్ డ్రైవ్ వచ్చింది, 2013లో జీమెయిల్‌నీ డ్రైవ్‌నీ కలిపేసి 15 జీబీ చేశారు. అప్పట్నించీ ఫ్రీ కోటా పెరగలేదు. మన ఫోన్ కెమెరాలు మాత్రం ఎక్కడినుంచి ఎక్కడికి పోయాయో చూస్తున్నాం కదా.

మధ్యలో ఆరేళ్లు ఒక సుఖం నడిచింది. 2015లో గూగుల్ ఫొటోస్ పెట్టినప్పుడు, కొంచెం కుదించిన క్వాలిటీలో పెడితే ఎన్ని ఫొటోలైనా ఫ్రీ అన్నారు. 2021 జూన్ 1న అది ఆగిపోయింది. ఆ తేదీకి ముందు ఆ కుదించిన క్వాలిటీలో పెట్టినవి ఇప్పటికీ లెక్కలోకి రావు, ఆ రోజు నుంచి పెట్టినవన్నీ వస్తాయి. ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ క్లీనింగ్ మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. స్పేస్ కోసమని 2017, 2018 నాటి పాత ఫొటోలు వెతికి మరీ డిలీట్ చేస్తారు, వాటివల్ల ఒక్క ఎంబీ కూడా ఖాళీ అవ్వకపోవచ్చు, ఎందుకంటే అవి మొదట్నించీ కోటాలో లేవు. జ్ఞాపకం పోయింది, జాగా రాలేదు.

అదే 2021 జూన్ 1 నుంచి కొత్తగా చేసిన గూగుల్ డాక్స్, షీట్స్ కూడా లెక్కలోకి వచ్చాయి, కానీ అవి చాలా చిన్నవి, వాటి గురించి బెంగ అక్కర్లేదు. అసలు దెబ్బ వాట్సాప్‌ది. 2018 చివర్నుంచి ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ గూగుల్ దగ్గర ఫ్రీగా ఉండేది, కోటాలో కలిసేది కాదు. 2023 డిసెంబర్‌లో బీటా (కొత్త మార్పుల్ని ముందుగా పరీక్షించే వెర్షన్) వాడేవాళ్లతో మొదలుపెట్టి 2024లో అందరికీ దాన్ని కూడా ఆ 15 జీబీలోనే లెక్కేయడం మొదలైంది. మన ఇళ్లలో పెళ్లి గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, స్కూల్ గ్రూపు, పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలు, ఇవన్నీ కలిసి బ్యాకప్ నాలుగైదు జీబీ దాకా పోవడం చాలా మామూలు. "నేనేం పెట్టలేదు, దానంతట అదే నిండిపోయింది" అని పెద్దవాళ్లు చెప్పేది నిజమే.

ఫోన్ నిండడం, క్లౌడ్ నిండడం రెండు వేరు గోలలు

"స్టోరేజ్ ఫుల్" అనే మెసేజ్ రెండు చోట్ల నుంచి వస్తుంది, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకటి ఫోన్ లోపలి మెమరీ నిండినప్పుడు, అంటే 128 జీబీ ఫోన్‌లో ఇంక చోటు లేదని. రెండోది గూగుల్ అకౌంట్ 15 జీబీ నిండినప్పుడు, ఆ సామాను ఉన్నది గూగుల్ సర్వర్లలో. ఫోన్‌లో 60 జీబీ ఖాళీగా ఉన్నా రెండో మెసేజ్ వస్తుంది. మా అత్తకి వచ్చింది ఆ రెండోదే, ఆవిడ దాన్ని మొదటిది అనుకుంది.

ఇప్పుడు అసలు చిక్కు. బ్యాకప్, సింక్ అని రెండు మాటలు ఉన్నాయి, యాప్‌లలో ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తుంటారు. బ్యాకప్ అంటే ఇంటి దస్తావేజు జిరాక్స్ తీసి అక్క ఇంట్లో పెట్టడం లాంటిది, మన దగ్గరున్న కాగితం చినిగిపోయినా అక్కడిది అలాగే ఉంటుంది. సింక్ అంటే రెండు చోట్లా ఒకే బొమ్మ కనపడాలి అనే ఏర్పాటు, ఇక్కడ గీత గీస్తే అక్కడా గీత పడుతుంది, ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. గూగుల్ ఫొటోస్ సెట్టింగ్స్‌లో "బ్యాకప్" అని రాసి ఉంటుంది, కానీ ఆ యాప్ లోపల డిలీట్ నొక్కితే మాత్రం అది సింక్‌లాగా పనిచేస్తుంది, ఫోన్‌లోంచీ పోతుంది క్లౌడ్‌లోంచీ పోతుంది.

ఇదే ఫొటోని ఫోన్ కంపెనీవాళ్లు ఇచ్చిన గ్యాలరీ యాప్‌లోంచి డిలీట్ చేస్తే మామూలుగా ఫోన్‌లోది మాత్రమే పోతుంది, గూగుల్ ఫొటోస్‌లో అప్పటికే ఎక్కిన కాపీ ఉండిపోతుంది. అదే గూగుల్ ఫొటోస్‌లో "ఫ్రీ అప్ స్పేస్" అనే బటన్ నొక్కితే అది ఇప్పటికే పైకి ఎక్కినవాటిని ఫోన్‌లోంచి మాత్రమే తీసేస్తుంది. అంటే ఫోన్ నిండితే ఆ బటన్ పనికొస్తుంది, క్లౌడ్ నిండితే దానివల్ల అరంగుళం కూడా ఖాళీ అవ్వదు, పైగా ఫోన్‌లో ఉన్న కాపీ కూడా పోయి క్లౌడ్‌లోది ఒక్కటే మిగులుతుంది. ఆ తర్వాత క్లౌడ్ ఖాళీ చేద్దామని కూర్చుంటే ఆ ఒక్కదాన్నే కొట్టేస్తాం. రెండు అడుగులూ విడివిడిగా చూస్తే సరైనవే, వరసగా వేస్తే ఫొటో పోతుంది.

ఐఫోన్‌లో ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్ చేసి ఉంటే అది పూర్తిగా సింక్. ఐఫోన్‌లో డిలీట్ చేస్తే ఐప్యాడ్‌లో, మ్యాక్‌లో, ఐక్లౌడ్‌లో అన్నిచోట్లా పోతుంది. అక్కడ ఫ్రీగా ఇచ్చేది 5 జీబీ, 2011లో ఐక్లౌడ్ మొదలైనప్పటి నుంచి అంతే. విండోస్ కంప్యూటర్లలో వన్‌డ్రైవ్ ఉంటుంది, దానిది కూడా ఫ్రీ కోటా 5 జీబీ. చాలామందికి తెలియకుండానే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌కి సింక్ అవుతుంటాయి, నిండిపోయిందని వెబ్‌సైట్‌లోకి వెళ్లి అక్కడ డిలీట్ చేస్తే కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద ఫైళ్లు మాయమవుతాయి. ఆఫీసు పని చేసుకునేవాళ్లకి ఇది ఫొటోల కంటే పెద్ద ప్రమాదం.

కాబట్టి ఏ యాప్‌లో అయినా డిలీట్ నొక్కేముందు ఒకటే ప్రశ్న: ఈ ఫైలు ఇంకెక్కడ ఉంది? "ఎక్కడో ఉంటుందిలే" అనే జవాబు వస్తే అది ఎక్కడా లేనట్టే లెక్క.

నిండాక ఏం ఆగిపోతుంది

గూగుల్ కోటా నిండితే ఉన్న ఫైళ్లు వెంటనే పోవు. కొత్తవి ఎక్కవు, అంతే. కానీ ఆ "అంతే" చాలా దూరం పోతుంది. జీమెయిల్‌లో మెయిళ్లు పంపలేం, వచ్చేవి పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతాయి. ఉద్యోగానికి అప్లై చేసి ఇంటర్వ్యూ మెయిల్ కోసం చూస్తున్న పిల్లలకి, వీసా అపాయింట్‌మెంట్ కోసం చూస్తున్నవాళ్లకి ఇది ఎంత నష్టమో చెప్పక్కర్లేదు, పైగా మనకి రాని మెయిల్ సంగతి మనకెలా తెలుస్తుంది. ఫొటోల బ్యాకప్ కూడా చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. ఆర్నెల్ల తర్వాత ఫోన్ పోతే ఆ ఆర్నెల్ల ఫొటోలు ఎక్కడా ఉండవు. నోటిఫికేషన్ వచ్చినా పక్కకి తోసేయడం మనకి అలవాటు.

ఇంకో రెండు నిబంధనలు ఉన్నాయి, ఈ రెండిటినీ కలిపేసి భయపెట్టే మెసేజ్‌లు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. మొదటిది: కోటా దాటి రెండేళ్లు అలాగే ఉంటే జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్‌లో ఉన్నవి తీసేసే హక్కు గూగుల్‌కి ఉంది, ముందుగా తెలియజేస్తామని అన్నారు. రెండోది: ఒక పర్సనల్ అకౌంట్‌ని రెండేళ్లపాటు అసలు వాడకపోతే ఆ అకౌంటే తీసేయొచ్చు, ఇది 2023 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. రోజూ వాడే అకౌంట్‌కి రెండోది వర్తించదు. కానీ "ఇంకో జీమెయిల్ తెరిచి పాత ఫొటోలన్నీ అందులో పడేస్తే ఇంకో 15 జీబీ ఫ్రీ కదా" అనే చిట్కా ఉంది చూశారూ, దానికి ఈ నిబంధన నేరుగా తగులుతుంది. ఆ రెండో అకౌంట్‌లోకి ఏడాదికి ఒకసారైనా లాగిన్ అయ్యేవాళ్లకి పర్లేదు, పాస్‌వర్డ్ మర్చిపోయేవాళ్లకి అది నెమ్మదిగా మునిగే పడవ.

ఒక ఇంటి లెక్క

ఉదాహరణకి విజయవాడలో ఒక టీచరు అకౌంట్ తీసుకుందాం. గూగుల్ వన్ (గూగుల్ స్టోరేజ్ చూసుకునే, కొనుక్కునే సేవ) స్టోరేజ్ పేజీ తెరిస్తే ఇలా కనపడింది అనుకోండి: ఫొటోస్ 7.4 జీబీ, వాట్సాప్ బ్యాకప్ 4.6, జీమెయిల్ 1.9, డ్రైవ్ 0.9, పాత ఫోన్ బ్యాకప్ 0.2. మొత్తం 15.

ఆవిడ మొదట ఫొటోలు ఒక్కోటీ చూసి తీసేద్దామనుకుంటుంది, అందరూ అదే చేస్తారు. ఆ 7.4 జీబీని విప్పి చూస్తే అందులో 700 ఫొటోలు కలిపి 2.1 జీబీ, 38 వీడియోలు కలిపి 5.3 జీబీ. ఒక మామూలు 12 మెగాపిక్సెల్ ఫొటో దాదాపు 3 ఎంబీ ఉంటుంది. అదే 4కే (బాగా ఎక్కువ స్పష్టత ఉండే) వీడియో నిమిషానికి 170 ఎంబీ దాకా తింటుంది, అదీ కొత్త రకం కుదింపు వాడితే, పాత రకం అయితే ఇంకా ఎక్కువ. స్కూల్ యానివర్సరీలో పిల్లల డాన్స్ 12 నిమిషాలు 4కేలో తీసింది, అది ఒక్కటే 2 జీబీ. ఆ ఏడువందల ఫొటోలూ ఒక ఎత్తు, ఆ డాన్స్ వీడియో ఒక్కటీ ఒక ఎత్తు. ఒక ఆదివారం అంతా కూర్చుని రెండొందల ఫొటోలు తీసేసినా 600 ఎంబీయే వస్తుంది, ఈలోగా చేయి జారి పోకూడనిది ఏదో పోతుంది కూడా.

జీమెయిల్‌లో కూడా అంతే. ప్రమోషన్ మెయిళ్లు పదివేలు ఉన్నాయని అవి కొట్టేయడం మొదలుపెడతాం. ఒక్కోటి 75 కేబీ అనుకుంటే పదివేలకీ కలిపి 750 ఎంబీ. 20 ఎంబీ అటాచ్‌మెంట్ ఉన్న మెయిళ్లు నలభై ఉంటే అవే 800 ఎంబీ. సెర్చ్ పెట్టె పక్కన ఉండే ఫిల్టర్‌లో సైజు 10 ఎంబీ కంటే ఎక్కువ అని పెడితే ఆ నలభై ఒక్కసారే వరసగా వస్తాయి. జీమెయిల్‌లో మెయిల్ ఉంచి అటాచ్‌మెంట్ మాత్రం తీసేయడం కుదరదు, తీస్తే మొత్తం మెయిలే తీయాలి, కాబట్టి ఆ నలభైలో ఇంటి లోన్ కాగితాలు, ఆస్పత్రి రిపోర్టులు ఉంటే ముందు దించుకోక తప్పదు.

డ్రైవ్‌లో ఒక చిక్కు ఎక్కువమందికి తెలియదు. ఫైలు ఎవరు ఎక్కించారో వాళ్ల కోటాలోనే లెక్క. తోటి టీచరు షేర్ చేసిన ఫోల్డర్ మన డ్రైవ్‌లో కనపడుతున్నా మన జాగా తినదు, దాన్ని తీసేసినా మనకి ఏమీ రాదు. మనం ఎక్కించి నలుగురికి షేర్ చేసింది మనం తీసేస్తే మాత్రం ఆ నలుగురికీ పోతుంది. కోటా ఒక్కరిది, నష్టం అందరిది.

వాట్సాప్‌లో ఒకే ఫొటోకి రెండుసార్లు అద్దె

టీచరు గారి అకౌంట్‌లో 4.6 జీబీ వాట్సాప్‌ది. ఇందులో ఎక్కువ భాగం వీడియోలే ఉంటాయి. వాట్సాప్ బ్యాకప్ సెట్టింగ్స్‌లో "వీడియోలు కలపాలా" అనే స్విచ్ ఉంటుంది. దాన్ని ఆపేసి మళ్లీ ఒకసారి బ్యాకప్ నడిపిస్తే అది 1.5 జీబీకి దిగింది అనుకుందాం, 3 జీబీ ఖాళీ. ఫోన్‌లో ఉన్న వీడియోలు ఎక్కడికీ పోవు, చాట్‌లో అలాగే కనపడతాయి. కానీ ఫోన్ పోతే, పగిలితే, కొత్త ఫోన్‌లోకి చాట్‌లు వస్తాయి, ఫొటోలు వస్తాయి, వీడియోలు రావు. అది ఒప్పుకుంటేనే ఆ స్విచ్. నా వరకు ఫార్వర్డ్ వీడియోలకి ఆ నష్టం ఏమంత నష్టం కాదు, కానీ చనిపోయిన తాతగారు పంపిన వీడియో ఏదైనా ఆ చాట్‌లో ఉంటే దాని లెక్క వేరు, దాన్ని ముందు బయటికి తీసి ఇంకోచోట పెట్టుకోవాలి.

రెండుసార్లు అద్దె అన్నాను కదా, అది ఇలా. గూగుల్ ఫొటోస్‌లో కెమెరా ఫోల్డర్‌తోపాటు వాట్సాప్ ఇమేజెస్ ఫోల్డర్‌కి కూడా బ్యాకప్ ఆన్ అయి ఉంటే, గ్రూపులో వచ్చిన ప్రతి ఫొటో ఒకసారి ఫొటోస్‌లోకి ఎక్కుతుంది, ఇంకోసారి వాట్సాప్ బ్యాకప్‌లో భాగంగా ఎక్కుతుంది. రెండూ ఆ 15 జీబీలోనే. కెమెరాతో మనమే తీసి గ్రూపులో పెట్టింది అయితే అసలు ఒకటి, వాట్సాప్ కుదించిన కాపీలు ఇంకో రెండు. ఇలా ఉన్న కాపీల్లో ఒకటి తీసేస్తే నష్టం లేదు, అందుకే శుభ్రం చేయడం ఇక్కడ మొదలుపెట్టడం మేలు అంటారు. ఏ కాపీ ఉంచుకోవాలి అంటే కెమెరా ఫోల్డర్‌లోది, ఎందుకంటే తీసిన తేదీ, చోటు దానిలోనే దాగి ఉంటాయి, వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో ఆ వివరాలు ఊడిపోతాయి.

మళ్లీ దొరికేవి, ఇంక దొరకనివి

"ముఖ్యమైనది పోకూడదు" అంటాం గానీ ముఖ్యమైనది, మళ్లీ దొరకనిది ఒకటే కావు. పాన్, ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ చాలా ముఖ్యం, కానీ డ్రైవ్‌లో ఉన్న స్కాన్ పోయినా ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లోంచి మళ్లీ తెచ్చుకోవచ్చు. 2015లో మొదలైన డిజిలాకర్‌లో "జారీ చేసినవి" అనే విభాగంలో కనపడేవి ఆయా శాఖల రికార్డు నుంచి నేరుగా వస్తాయి, చట్టం ప్రకారం వాటికి అసలు కాగితంతో సమానమైన విలువ ఉంది. మనమే స్కాన్ చేసి అందులో ఎక్కించినవి వేరు, వాటికి ఆ విలువ లేదు, వాటికి చోటు 1 జీబీ. అలాగే ఆంధ్రలో పొలం అడంగల్, 1బి రికార్డులు మీభూమి వెబ్‌సైట్‌లో మళ్లీ తీసుకోవచ్చు, బ్యాంకు స్టేట్‌మెంట్లు బ్యాంకు నుంచి తీసుకోవచ్చు. ఇవన్నీ సైజులో చిన్నవి కూడా, తీసేసినా పెద్దగా ఏం కలిసిరాదు. తీసేయడం వల్ల లాభం లేదు, ఉంచడం వల్ల భారం లేదు, కాబట్టి ఉంచేయడమే.

అటు వైపు చూస్తే అమ్మమ్మ గొంతు ఉన్న వాయిస్ మెసేజ్, ఊళ్లో కూల్చేసిన పాత పెంకుటిల్లు ఫొటో, ఇవి ప్రపంచంలో ఏ ఆఫీసులోనూ మళ్లీ దొరకవు. సినిమా డౌన్‌లోడ్, యూట్యూబ్‌లో ఉన్న ప్రవచనం వీడియో, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ లాంటివి వందల ఎంబీలు ఉంటాయి, కావాలంటే రేపే మళ్లీ దొరుకుతాయి. సైజు ప్రకారం వరస పెట్టి చూసినప్పుడు పైన కనపడే ప్రతి ఫైలునీ ఈ కంటితో చూస్తే తీసేయాల్సినవి వాటంతటవే బయటపడతాయి.

కుదిస్తే ఏం పోతుంది

ఏదీ డిలీట్ చేయకుండా జాగా సంపాదించే దారి ఒకటి ఉంది. గూగుల్ ఫొటోస్‌లో ఒరిజినల్ క్వాలిటీలో పెట్టినవాటిని "స్టోరేజ్ సేవర్"లోకి మార్చే బటన్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, కంప్యూటర్‌లో తెరిస్తే "రికవర్ స్టోరేజ్" అని కనపడుతుంది. 16 మెగాపిక్సెల్ దాటిన ఫొటోలు 16కి దిగుతాయి, 1080పీ దాటిన వీడియోలు 1080పీకి దిగుతాయి. ఒకసారి చేశాక వెనక్కి తీసుకోలేం.

దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి, రెండిటిలోనూ పస ఉంది. ఫోన్‌లోనూ టీవీలోనూ చూసుకునేవాళ్లకి తేడా కనిపించడం కష్టం, 12 మెగాపిక్సెల్ ఫొటో కొలతలు కూడా మారవు, కుదింపు మాత్రమే పెరుగుతుంది, కాబట్టి ఫర్వాలేదు అని ఒక వాదన. ఫొటోగ్రాఫర్లు ఒప్పుకోరు. 4కే ఫ్రేమ్‌లో 83 లక్షల పిక్సెళ్లు ఉంటాయి, 1080పీలో 21 లక్షలు, అంటే నాలుగింట మూడు వంతులు పోయినట్టు, రేపు పెద్ద తెర కొంటే అప్పుడు తెలుస్తుంది అంటారు. నా లెక్కలో రోజువారీ ఫొటోలకి మొదటి వాదన సరిపోతుంది, పెళ్లి, పసిపిల్లల మొదటి అడుగులు లాంటివాటికి రెండోది. చిక్కేంటంటే ఆ బటన్ అన్నిటికీ కలిపి ఒకేసారి పనిచేస్తుంది, ఇది ఉంచు అది కుదించు అనే వీలు అందులో లేదు. అందుకే దాన్ని నొక్కేముందు ఒరిజినల్స్ ఒకసారి బయటికి దించుకోవడం మంచిది, అక్కడే తర్వాతి చిక్కు ఎదురవుతుంది.

బయటికి దించుకుంటే తేదీలు ఎందుకు తారుమారవుతాయి

గూగుల్ టేకౌట్ అని ఒక సేవ ఉంది, 2011 నుంచీ. మన డేటా మొత్తం జిప్ ఫైళ్లుగా కట్టి లింక్ పంపిస్తుంది, ఆ లింక్ ఒక వారం పనిచేస్తుంది. పెద్ద లైబ్రరీ అయితే 2 జీబీ ముక్కలు బోలెడు వస్తాయి, 10 జీబీ, 50 జీబీ ముక్కలు కావాలని కూడా అడగొచ్చు. ఒక్క ముక్క దించుకోవడం మర్చిపోయినా అందులో ఉన్న ఫొటోలు లేనట్టే, మిగతావన్నీ చక్కగా తెరుచుకుంటాయి కాబట్టి లోటు కనపడదు.

విప్పి చూస్తే ప్రతి ఫొటో పక్కన జేసన్ అనే చిన్న ఫైలు ఉంటుంది. చెత్త అనుకుని వాటిని తీసేసేవాళ్లు ఉన్నారు. మనం గూగుల్ ఫొటోస్‌లో సరిచేసిన తేదీ, రాసుకున్న వివరణ ఆ చిన్న ఫైల్లోనే ఉంటాయి. కెమెరాతో తీసిన ఫొటో అయితే తేదీ ఫొటో లోపలే ఉంటుంది కాబట్టి నష్టం తక్కువ. వాట్సాప్‌లో వచ్చినవి, పాత ఆల్బమ్ నుంచి స్కాన్ చేసినవి అయితే 1985 నాటి పెళ్లి ఫొటో కూడా మనం దించుకున్న రోజు తేదీతో కనపడుతుంది.

ఇక ఎక్కడ దాచాలి. హార్డ్ డిస్క్ ఒక్కదాన్నే నమ్ముకుంటే అది కింద పడిన రోజున కథ అయిపోతుంది, పెన్‌డ్రైవ్ అయితే ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో పడుంటే అందులో డేటా చెడిపోయే అవకాశం ఉంది. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే సూత్రం ఐటీవాళ్లకి బాగా తెలుసు: మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఇంట్లో కాకుండా వేరే చోట. మామూలు ఇంటికి మూడు ఎక్కువే అనిపిస్తుంది. కనీసం రెండు కాపీలు తెరిచి చూసుకున్నాకే క్లౌడ్‌లోది తీయడం అనేది నాకు ఆచరణకి వచ్చిన లెక్క. కాపీ చేస్తే సరిపోదు, తెరిచి చూడాలి, మధ్యలో నాలుగు, చివర్లో నాలుగు వీడియోలు నడిపి చూడాలి, సగం కాపీ అయి ఆగిపోయిన ఫైలు కూడా పేరుకి మొత్తంగానే కనపడుతుంది.

డబ్బు కట్టడమా, కట్టకపోవడమా

100 జీబీ గూగుల్ వన్ ప్లాన్ మన దేశంలో చాలాకాలంగా నెలకి 130 రూపాయలు, ఏడాదికి కడితే 1,300. ఆ టీచరు గారికి ఆదివారాలు పాడుచేసుకోవడం కంటే ఇది నయం అని ఒక పక్షం అంటుంది. పదేళ్లకి 13,000 అవుతుంది, కట్టడం ఆపిన రోజున మళ్లీ 15 జీబీ దగ్గరికే వస్తాం, అప్పటికి 80 జీబీ పోగై ఉంటుంది, అద్దె ఇంట్లో సామాను పెంచుకున్నట్టు అని రెండో పక్షం. హార్డ్ డిస్క్ కొనుక్కోవచ్చు కదా అని మూడో పక్షం, కానీ ఫోన్‌లోంచి ప్రతినెలా అందులోకి కాపీ చేసే ఓపిక ఎంతమందికి ఉంటుంది, మా అత్తకి కంప్యూటరే లేదు. అలాంటివాళ్లకి నెలకి 130 అనేది డబ్బుతో కొనే మనశ్శాంతి, అందులో తప్పు పట్టడానికి నాకేం కనపడదు. ఆ ప్లాన్‌ని కుటుంబంలో ఇంకో ఐదుగురితో పంచుకోవచ్చు కూడా, వాళ్ల ఫొటోలు మనకి కనపడవు, జాగా మాత్రమే ఉమ్మడి.

ఫ్రీ ఆఫర్ల సంగతి ఇంకోలా ఉంది. 2025 మేలో ఎయిర్‌టెల్ తన పోస్ట్‌పెయిడ్, వైఫై కస్టమర్లకి ఆరు నెలలు 100 జీబీ గూగుల్ వన్ ఫ్రీ అంది. అదే ఏడాది అక్టోబర్ చివర్లో జియో అన్‌లిమిటెడ్ 5జీ ప్లాన్లు ఉన్నవాళ్లకి 18 నెలల పాటు గూగుల్ ఏఐ ప్రో (డబ్బు కట్టి వాడే ఏఐ ప్లాన్) ఫ్రీ అని ప్రకటించింది, దాంతోపాటు 2 టీబీ, అంటే దాదాపు 2,000 జీబీ స్టోరేజ్ అంది. తీసుకోవడంలో తప్పు లేదు. కానీ లెక్క చూడండి: 2 టీబీ ఉంది కదా అని ఒరిజినల్ క్వాలిటీ ఆన్ చేసి 18 నెలల్లో 140 జీబీ నింపాం అనుకుందాం. ఆఫర్ అయిపోయిన రోజున కోటా 15, మన సామాను 140. 125 జీబీ ఎక్కువ ఉన్నట్టు, మెయిళ్లు ఆగిపోతాయి. అప్పుడు డబ్బు కట్టాలి, లేదా 125 జీబీ దించుకోవాలి. ఇవాళ 2 జీబీ సర్దుకోవడం కష్టమనుకుంటే ఆ రోజున 125 సర్దాలి.

ఇంజినీరింగ్ కాలేజీ మెయిల్ ఐడీలతో ఇదే ఒకసారి జరిగింది. ఒకప్పుడు విద్యాసంస్థలకి గూగుల్ లిమిట్ లేకుండా ఇచ్చేది, పిల్లలు సినిమాలతో సహా అందులోనే పెట్టుకునేవాళ్లు. 2021లో ఒక్కో సంస్థకి మొత్తం 100 టీబీ అని గూగుల్ ప్రకటించింది, తర్వాతి ఏడాది అమల్లోకి వచ్చింది. పదివేల మంది పంచుకుంటే తలా 10 జీబీ. అకౌంట్ కాలేజీది కాబట్టి ఉంచాలా తీసేయాలా అనేది కూడా కాలేజీ చేతిలోనే ఉంటుంది. ఇంకా కాలేజీ ఐడీలో ప్రాజెక్టులు, ఫొటోలు ఉన్నవాళ్లు చదువు అయిపోకముందే సొంత అకౌంట్‌కి తెచ్చుకోవాలి.

బిన్ దగ్గర కొంచెం ఆగాలి

డిలీట్ చేసినవి ముందు బిన్‌లోకి వెళ్తాయి. గూగుల్ ఫొటోస్‌లో క్లౌడ్‌కి ఎక్కినవి 60 రోజులు, ఎక్కనివి 30 రోజులు ఉంటాయి. జీమెయిల్, డ్రైవ్, ఐక్లౌడ్ ఫొటోస్‌లో 30 రోజులు. బిన్‌లో ఉన్నంతకాలం అవి కోటాలోనే లెక్క, అందుకే "బిన్ ఖాళీ చేస్తేనే ప్లేస్ వస్తుంది" అని అత్తకి ఎవరో చెప్పింది అబద్ధం కాదు. కానీ అర్జెంటుగా మెయిళ్లు ఆగిపోయి ఉంటే తప్ప ఆ రోజే ఖాళీ చేయాల్సిన అవసరం ఏముంది? ఒక రెండు వారాలు ఆగితే ఇంట్లో ఎవరో ఒకరు "ఆ ఫొటో ఏదీ" అని అడుగుతారు, అప్పటికి తిరిగి తెచ్చుకునే దారి ఉంటుంది. ఖాళీ చేశాక కూడా మీటర్ వెంటనే తగ్గకపోవచ్చు, కొన్నిసార్లు ఒక రోజు పడుతుంది, తగ్గలేదని కంగారుపడి ఇంకా డిలీట్ చేసుకుంటూ పోయినవాళ్లు కూడా ఉన్నారు.

అత్త ఫొటోల కోసం చేతనైనంత వెతికాను. ఆవిడ ఫోన్‌లో వాట్సాప్ "సెంట్" ఫోల్డర్‌లో కొన్ని ఉన్నాయి, డాలస్‌లో ఉన్న అమ్మాయికి పంపినవి కొన్ని తన ఫోన్‌లో దొరికాయి, కుటుంబం గ్రూపులో పైకి జరుపుకుంటూ పోతే ఇంకో పన్నెండు. మొత్తం నలభై మూడు. అన్నీ వాట్సాప్ కుదించినవే, తేదీలు లేవు, పెద్దది చేసి చూస్తే బుడ్డోడి నోటి దగ్గర పాయసం చెంచా మసగ్గా కనపడుతుంది. వాటిలో ఎనిమిది ప్రింట్ తీయించి అత్తకి పంపాను, చిన్న సైజులో తీస్తే బాగానే వచ్చాయి. మిగతా నూట ఏడు దొరకలేదు.